ఇంటికీ ఎడారికీ ఒకే సానరాయి

"అక్కా, నా ఏలు సంగతి ఆయన చెవినెయ్యకే."

"ఎయ్యన్లే. నువ్వెల్లి కారెక్కు. మల్లేశం హారను కొడతన్నాడు."

దోహా విమానాశ్రయం గుమ్మం దగ్గర మా చెల్లెలు సత్యవతీ నేనూ ఆఖరుగా అనుకున్న మాటలు ఇవి. ఏడుపులూ పెడబొబ్బలూ ఏమీ లేవు. అది కారెక్కింది, నేను సంచి భుజాన వేసుకుని లోపలికి నడిచాను.

ఆ "ఆయన" ఎవరో కాదు, ఇప్పుడు నా ఎదురుగా పీట మీద కూర్చుని ఇదంతా రాస్తున్న మా మరిది ఏడుకొండలు. నాకు సంతకం తప్ప రాయడం రాదు. చేపల బజారులో నా గంప చుట్టూ చేరి, "ఖతార్‌లో ఏం చూశావు, ఏం తిన్నావు, అక్కడి ఆడవాళ్ళు ఎలా ఉంటారు" అని రోజూ అడిగేవాళ్ళకి చెప్పీ చెప్పీ, అసలే బొంగురుగా ఉండే నా గొంతు పూర్తిగా పోయింది. ఒక్కసారి చెప్పి రాయించేస్తే చదువొచ్చినవాళ్ళు చదువుకుంటారు, రానివాళ్ళు చదివించుకుంటారు. నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను గానీ, మా మరిది పదో తరగతి దాకా చదివినవాడు, కాస్త దిద్ది రాస్తున్నాడు. దిద్దనీ.

కలం ఆపకండి మరిదిగారూ. వేలు ఉంది. మీ ఆవిడ పది వేళ్ళూ దాని చేతులకే ఉన్నాయి. చెప్పనని మాటిచ్చింది నిజమే. కానీ ఉత్తరంలో చదివి హడలిపోయే మనిషి వేరు, ఎదురుగా కూర్చుని నా మొహం చూస్తూ వినే మనిషి వేరు. మానిపోయింది కనకనే చెబుతున్నాను.

తుమామా వంటిల్లు

సత్యవతి దోహాలో అల్ తుమామా అనే పేటలో ఒక అరబ్బుల ఇంట్లో వంటమనిషి. ఆ ఇంటి ఆఖరి ఇద్దరు పిల్లలూ దాని చంకలోనే పెరిగారు. చలికాలం రాగానే ఆ ఇంటివాళ్ళు ఎడారిలో డేరాలు వేసుకుని వారాల తరబడి ఉంటారు, దాన్నే క్యాంపు అంటారు. మనం కార్తీకమాసంలో తోటకి వెళ్ళి ఒక్కపూట వండుకుని తిని వస్తాం చూడండి, వాళ్ళు దాన్నే కాపురంలాగా చేస్తారు. అప్పుడు వంట రెండింతలవుతుంది. సాయానికి మా అక్కని పిలిపించమని సత్యవతి యజమానురాలిని అడిగితే, ఆవిడ మూడు నెలల వీసా పంపింది. అలా వెళ్ళాను నేను.

సాయం అన్నది పైకి చెప్పిన మాట. అసలు సంగతి వంటింట్లో అడుగుపెట్టాక తెలిసింది.

ఆ వంటిల్లు మా ఇల్లంత ఉంది. గోడలకి తెల్లటి పలకలు, రెండు ఫ్రిజ్‌లు, సొరుగు నిండా కత్తులు. పొడుగుది ఒకటి తీసి టమాటా మీద పెట్టి నొక్కాను. టమాటా బరువు మోసేవాడిలా చతికిలబడింది గానీ తోలు తెగలేదు.

"ఏటే ఇయ్యి? కత్తులా, గరిటెలా? ఈటితో మజ్జిగ సిలుక్కోవచ్చు."

"ముట్టుకోకక్కా. అక్కడెట్టేయ్."

"ఎందుకే?"

ఎడం చెయ్యి చూపించింది. చూపుడు వేలి మీద గోరు దగ్గర్నుంచి కణుపు దాకా జెర్రి పాకినట్టు కుట్ల మచ్చ. గడ్డకట్టిన కోడిని కోస్తుంటే కత్తి జారిందట. అప్పటినుంచి ఆ ఇంట్లో ఏ కత్తికీ పదును పెట్టనివ్వడం లేదు.

"మొద్దుది కనక ఏలు మిగిలింది. పదునుంటే ఎగిరిపోయేది."

"పదునుంటే జారేదే కాదే పిచ్చిదానా! కోడి మీద దిగేది."

"నీకేం తెలుసక్కా? నీకు కత్తిపీట తెలుసు. అది కదల్దు. నువ్వు కాలితో తొక్కిపెట్టి చేపని కదుపుతావు. ఇక్కడ చేప కదల్దు, కత్తే కదులుద్ది."

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి చేపలు కోస్తున్నదాన్ని. ఆ తేడా నాకెప్పుడూ తట్టలేదు. నిజమే, మనింట్లో కత్తి కూర్చుంటుంది, పని తిరుగుతుంది. వాళ్ళ దగ్గర పని కూర్చుంటుంది, కత్తి తిరుగుతుంది.

ఇంటి యజమానురాలిని పనివాళ్ళందరూ "మామా" అంటారు. అక్కడ మామా అంటే అమ్మ. ఆవిడ కరెంటుతో తిరిగే పదును మిషను ఒకటి కొని గట్టు మీద పెట్టింది. దాన్ని నొక్కితే గుర్రుమని అరుస్తుంది, ఆ చప్పుడుకి సత్యవతి పెరట్లోకి పారిపోతుంది. నేను ఒకసారి కత్తి పెట్టి చూశాను. పదునైతే వచ్చింది గానీ కత్తి వాదర ఎలక కొరికినట్టు అయింది. పైగా ఎడారిలో కరెంటేదీ?

నేను వెళ్ళిన కొన్నాళ్ళకి మామా వంటింట్లోకి వచ్చి, పళ్ళెంలోని మాంసం ముక్కలు వేలితో కెలికి, డ్రైవర్ మల్లేశాన్ని పిలిచింది. మల్లేశం కరీంనగర్ వైపు మనిషి. ఆ ఇంట్లో కారు నడుపుతాడు, అరబ్బీ మాట తెలుగులోకి మారుస్తాడు, సత్యవతిని సత్తెవ్వ అంటాడు.

"ఏమంటందయ్యా?"

"మంచిగ అంటలేదక్కా. మాంసం కోసినట్టు లేదు, పీకినట్టుందంటుంది. క్యాంపుకు సుట్టాలొస్తరు, ఆళ్ళ ముందట గిట్ల పెడితే ఇజ్జత్ పోతదంట. క్యాంపుల గూడ గిట్లనే అయితే కొత్త వంటమనిషిని తెచ్చుకుంటదంట. నువ్వు వొయ్యే విమానంలనే సత్తెవ్వను గూడ పంపుతదంట."

సత్యవతి తల వంచుకుని గిన్నె కడుగుతూనే ఉంది. కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

మామా చెడ్డదేం కాదు. వెళ్తూ వెళ్తూ, "ఇక్కడికీ అక్కడికీ పనికొచ్చేది ఏదో మీరే చూసి కొనుక్కోండి, నేను ఇప్పిస్తాను" అని కూడా చెప్పిందట. అంటే ఏది కొనాలో నేను చూడాలి. కొన్నదాన్ని సత్యవతి ముట్టుకోవాలి. మొదటిది ఎవరైనా చేస్తారు. రెండోది ఎలాగో నాకు తెలియలేదు.

నజ్మాలో శుక్రవారం

అక్కడ సెలవు శుక్రవారం. మల్లేశం మమ్మల్ని నజ్మాకి తీసుకెళ్ళాడు. ఆ పేటలో దిగితే దోహాలో ఉన్నామని మర్చిపోతాం. హోటళ్ళలో ఇడ్లీలు, పరోటాలు, గాజుగ్లాసులో అర రియాలుకి చిక్కటి టీ. టీ కొట్టువాడు మలయాళీ అయితేనేం, మనవాళ్ళ కంటే బాగా కాస్తాడు. డబ్బులు పంపే దుకాణాల ముందు అరుగుల మీద తెలుగువాళ్ళు గుంపులు గుంపులు. ఒకడు పోయిండు అంటాడు, ఒకడు ఎల్లాడు అంటాడు, ఇంకొకడు పొయ్నాడప్పా అంటాడు. అందరూ ఒకే పాన్ నములుతారు.

కత్తికి పదును పెట్టే వస్తువు కావాలని అన్నానో లేదో, అరుగంతా నా చుట్టూ చేరింది. వాళ్ళందరూ గదుల్లో వంతులేసుకుని వండుకునే మగవాళ్ళు. ఇంటి దగ్గర ఏ రోజూ వంకాయ తరిగి ఎరగరు, ఇక్కడ ఒక్కొక్కడు ఒక్కో శాస్త్రి.

"పింగాణీ కప్పు బోర్లించి దాని అడుగున రుద్దమ్మా, సాలు. రియాలు గూడా కర్సుండదు," అన్నాడు అనంతపురం వైపు అబ్బాయి.

"కప్పు గిప్పు ఎందుకే? మెట్టు మీద నాలుగు గీకులు గీకితె అయిపాయె. మా లేబరు క్యాంపుల మెట్లన్ని గట్లనే అరిగినయి," అన్నాడు మల్లేశం ఊరివాడొకడు.

"అందుకే మీ క్యాంపుల కూరల ఇసుకొస్తది," అన్నాడు మల్లేశం.

పక్కనే సామాన్ల కొట్లో ప్లాస్టిక్ పిడికి రెండు చిన్న చక్రాలు బిగించిన వస్తువు ఉంది. పిడిని ఒక చేత్తో పట్టుకుని, సందులోంచి కత్తిని మరో చేత్తో లాగాలి. మూడు రియాళ్ళు. చవకే కదా అని మామాతో చెప్పకుండా నా డబ్బుతోనే కొన్నాను. ఇంటికి వచ్చి లాగితే సన్నటి ఇనుప నలుసులు రాలాయి, కత్తి రంపంలా అయింది. మెత్తటి పండు బాగానే తెగింది. ఎముక పక్కన పెడితే రెండో ముక్కకే మళ్ళీ మొద్దు.

సత్యవతి దూరంగా నిలబడి చూసి ఒకే మాట అంది.

"పిడి పట్టుకున్న చెయ్యి కత్తికి ఎదురుగానే ఉంటది కదక్కా."

చూశాను. ఉంటుంది. లాగేటప్పుడు కత్తి ఎగిరితే మొదట దొరికేది ఆ వేళ్ళే. ఆ వస్తువు ఇప్పటికీ ఆ సొరుగులోనే ఉంది, ఎవరికైనా కావాలంటే.

సూక్‌లో శనివారం

ఆదివారం ఎడారికి ప్రయాణం. శనివారం పొద్దున బొగ్గులూ తాళ్ళూ దీపాలూ తెమ్మని మామా మల్లేశాన్ని పాత బజారుకి పంపింది. దాన్ని సూక్ అంటారు. మేమిద్దరం కూడా ఎక్కాం.

సన్నటి సందులు. ఒక సందంతా మసాలా వాసన, ఒక సందంతా బట్టలు, ఒక చోట కొయ్యల మీద డేగలు. డేగల కళ్ళకి చిన్న తోలు టోపీలు పెట్టి కూర్చోబెడతారు, పెళ్ళికొడుకుల్లాగా ఉంటాయి. చివర్లో ఇనప సామాన్ల సందు. అక్కడ ఒక ఇరానీ ముసలాయన కొట్టు. తెల్ల గడ్డం, నోట్లో సగం హిందీ. విషయం వినగానే, పట్టుచీరలు పరిచినట్టు ఒక్కొక్కటీ గుడ్డ మీద పరిచాడు.

మొదట మూరెడు పొడుగు ఉక్కు కడ్డీ. కసాయివాళ్ళు గాలిలో కత్తినీ కడ్డీనీ కొట్టుకుంటూ పదును చేస్తారే, అది. ఆయన సరసర తిప్పి చూపించేసరికి సత్యవతి నా వెనక్కి వచ్చేసింది. ఉన్న పదును నిలబెట్టడానికే గానీ చచ్చిన కత్తిని ఇది లేపదని ఆయనే చెప్పాడు. అబద్ధాల మనిషి కాదు.

తర్వాత చేత్తో తిప్పే సాన చక్రం. బల్లకి బిగించుకుని పిడి తిప్పితే గిర్రున తిరుగుతుంది. కత్తి ఆనించగానే నిప్పురవ్వలు! మా ఊరికి సైకిలు మీద సాన తెచ్చుకుని "కత్తులకీ కత్తెరలకీ సానా..." అని అరుస్తూ తిరిగేవాడు గుర్తొచ్చాడు. నా ప్రాణం దాని మీదకి పోయింది.

"ఇదే. ఇంట్లోనూ పనికొస్తుంది, ఎడార్లోనూ పనికొస్తుంది. బేరమాడు మల్లేశం."

మల్లేశం బేరం మొదలుపెట్టాడు. అప్పుడు తట్టింది నాకు.

"ఇయ్యాల ఏ వారం?"

"శనివారం."

"అయితే వద్దు. శనారం ఇనుం కొనం."

మల్లేశం నెత్తి పట్టుకున్నాడు. "అక్కా, ఈడ సెలవు శుక్రవారం. అంటే మన శనివారం ఈళ్ళకు సోమవారం లెక్క. ఏం గాదు, కొను."

"శనిదేవుడికి సెలవులతో పనేంటయ్యా? ఆయన డ్యూటీ ఆయనది."

ముసలాయనకి సంగతి అర్థం కాలేదు. ధర ఎక్కువని అలిగామనుకుని తగ్గించాడు. మళ్ళీ తగ్గించాడు. మల్లేశం అంతా విడమర్చి చెప్పేసరికి ఆయన కాసేపు గడ్డం నిమురుకుని, కింద అరలోంచి కాగితం చుట్టిన ఇటుకలాంటిది తీసి నా ముందు పెట్టాడు.

"పత్థర్. లోహా నహీ."

"రాయి అక్కా. ఇనుం గాదు. శనిదేవుడు గూడ ఏమనడు," అన్నాడు మల్లేశం.

జానెడు పొడుగు, మూడు వేళ్ళ వెడల్పు. ఒక వైపు కళ్ళంలో సిమెంటు గచ్చులా గరుకు, రెండో వైపు ఏటి గులకరాయిలా నున్నన. గరుకు వైపు ముందు, నున్న వైపు తర్వాత, నూనె వద్దు, నీళ్ళే పోయాలి అని ఆయన చేత్తో చూపించాడు. చక్రం ధరలో పావు వంతు కూడా లేదు. కొన్నాం. కానీ నా మనసు చక్రం మీదే ఉండిపోయింది. నేనేదో తెలివిగా ఎంచి తెచ్చానని అనుకోకండి. శనివారం ఎంచిపెట్టింది దాన్ని.

ఇసుకలో

దక్షిణంగా చాలా దూరం వెళ్ళాక రోడ్డు అయిపోతుంది. అక్కణ్ణుంచి కారు చక్రాల్లో గాలి తగ్గించి ఇసుక మీద నడుపుతారు. దిబ్బ ఎక్కుతుంటే ఆకాశం తప్ప ఏమీ కనపడదు, దిగుతుంటే ఇసుక తప్ప ఏమీ కనపడదు. నేను మల్లేశం సీటుని రెండు చేతులా పట్టుకుని నాకు తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను. దిగి చూస్తే ఒక పక్క ఇసుక, ఒక పక్క సముద్రం. మన సముద్రంలా రొద చెయ్యదు. చెరువులా పడుకుని ఉంటుంది. నీళ్ళు చూడగానే నా ప్రాణం లేచొచ్చింది.

మగవాళ్ళకి ఒక డేరా, ఆడవాళ్ళకి ఒకటి, వంటకి ఒకటి. చలి మాత్రం మన మాఘమాసం చలికి అమ్మమ్మ. ఆ సాయంత్రం ఆడవాళ్ళ డేరాలో నన్నూ కూర్చోబెట్టి చిన్న గిన్నెలో కాఫీ పోశారు. పసుపు రంగు, ఏలకుల వాసన, పంచదార లేదు, వేపాకు కషాయమే. పక్కన ఖర్జూరాలు. గిన్నె ఖాళీ కాగానే మళ్ళీ పోశారు. తాగాను. మళ్ళీ పోశారు. కాదంటే తప్పనుకుంటారని కళ్ళు మూసుకుని తాగుతూనే ఉన్నాను. చివరికి సత్యవతి వచ్చి, "గిన్నెని చేత్తో ఇలా ఊపాలే అక్కా, ఊపితేనే ఆపుతారు," అంది. ఆ సంగతి ముందే చెప్పి ఏడవచ్చుగా!

మర్నాడు చుట్టాలు వస్తారు. గొర్రెని కోసేది ఇంటి మగపిల్లలు, ముక్కలు కొట్టి వండేది సత్యవతి. పొద్దున్నే ఎండ కాస్త వెచ్చగా తగులుతుంటే రాయీ పెద్ద కత్తీ తీసుకుని బయటికి వచ్చాను. నీళ్ళ పీపా పక్కన గుంజకి గొర్రెని కట్టేసి ఉంచారు. నీళ్ళు దగ్గర కదా అని అక్కడే చతికిలబడి, రాయి తడిపి, నూరడం మొదలుపెట్టాను. గొర్రె నన్నే చూస్తోంది. ఊరికే ఉండటమెందుకని దాంతో రెండు మాటలు కూడా మాట్లాడాను.

మనవైపు అమ్మవారి జాతరలో కత్తి పట్టినవాడు పోతు ఎదురుగానే కూర్చుని, అందరూ చూస్తుండగా నూరతాడు. అదొక దర్జా. ఎవరూ తప్పనరు.

ఇంతలో డేరాలోంచి ఇంటి పెద్దావిడ వచ్చింది. మామా అత్తగారు. ఆవిడని "మామా కబీర్" అంటారు, అంటే పెద్దమ్మగారు. నన్ను చూసి రెండు చేతులూ ఎత్తి, "హరామ్! హరామ్!" అని కేకలు వేసింది. మగపిల్లలు పరిగెత్తుకొచ్చారు. నేను కత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నీళ్ళు దొంగతనంగా వాడాననుకున్నారేమో అని నా భయం.

మల్లేశం దూరం నుంచే అరిచాడు. "అక్కా, కత్తి దాయి! గొర్రె సూస్తంది!"

"చూస్తే ఏమైందయ్యా? అదేమన్నా పోలీసా?"

"దాని ముందట కత్తి నూర్తే పాపమంట! దానికి సావును రెండుసార్లు సూపెట్టినట్టంట!"

కత్తి దించాను. గొర్రె వైపు చూశాను. అది ఇంకా నన్నే చూస్తోంది. నా జన్మలో ఎన్ని చేపల్ని కోశానో, ఏ చేప కంట్లోకీ అలా చూసింది లేదు.

పెద్దావిడకి కోపం అంతలోనే పోయింది. దగ్గరికి వచ్చి తన నల్ల వస్త్రం కొంగుతో కత్తిని కప్పేసి, నా మణికట్టు పట్టుకుని డేరా వెనక్కి నడిపించుకుపోయింది. సాన చక్రమే కొని ఉంటే ఎక్కడ దాక్కున్నా దాని రొద గొర్రెకి వినపడేది. రాయికి నోరు లేదు.

డేరా వెనక

పెద్దావిడ ఇసుకలో నాకెదురుగా కూర్చుంది. మల్లేశం కాస్త ఎడంగా, మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు. ఆవిడ కత్తి అంచు మీద బొటనవేలు ఆనించి పెదవి విరిచింది. "మాఫీ జైన్." బాగాలేదు అని.

తర్వాత చాలాసేపు మాట్లాడింది. మల్లేశం కుదించి చెప్పాడు. "గొర్రెకు కత్తి కండ్లవడొద్దు, తగిలినట్టు గూడ తెల్వొద్దు. అందుకే పదును మంచిగుండాలె. మొద్దు కత్తితోని కోసుడు ఇంకా పెద్ద పాపమంట. ఇంట్ల కత్తులు గిట్ల ఎవరు పెట్టిండ్రని అడుగుతంది."

నేనేం చెప్పాలో ఆలోచిస్తుండగానే సత్యవతి వచ్చింది. కేకలు విని డేరాలో నక్కి, ఇక ఉండలేక వచ్చినట్టుంది. "నేనే," అని వేలు చూపించింది.

పెద్దావిడ ఆ వేలు పట్టుకుని మచ్చ మీద నెమ్మదిగా రాసి ఏదో అంది. మల్లేశం నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఏమందయ్యా?"

"నిన్ను గూడ మొద్దు కత్తితోనే కోసిన్రు బిడ్డా, పాపం, అంటుంది."

సత్యవతికి కోపం రాబోయి నవ్వొచ్చింది. నేను వెళ్ళాక అది పళ్ళు కనపడేలా నవ్వడం అదే మొదలు.

నేను గరుకు వైపు మళ్ళీ మొదలుపెట్టాను. అది చెంబుతో నీళ్ళు పోసింది. పిడి దగ్గర్నుంచి మొన దాకా, కత్తి వెన్ను కాస్త పైకెత్తి, ఒక పక్క ఎన్ని రుద్దులో రెండో పక్కా అన్నే. బూడిద రంగు బురద వస్తుంది. దాన్ని కడిగెయ్యకూడదు, ఆ బురదే నూరుతుంది. గరుకు వైపు పని అయింది. రాయి తిరగేశాను. నున్న వైపు మిగిలింది.

అప్పుడు నూరడం ఆపాను. కత్తిని నాకూ సత్యవతికీ మధ్య ఇసుక మీద పెట్టాను. మనం ఇనుము చేతికి ఇవ్వం కదా, పోట్లాటలొస్తాయని. కింద పెడతాం, కావలసినవాళ్ళు తీసుకుంటారు. తీసుకోకపోతే అక్కడే ఉంటుంది.

అక్కడే ఉంది.

పెద్దావిడ నన్నూ సత్యవతినీ మార్చి మార్చి చూసింది. ఎందుకు ఇవ్వడం లేదో ఆవిడకి తెలియదు. తీసి ఇద్దామని చెయ్యి చాపింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. అటు నుంచి మగపిల్లలు "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నారు. గాలికి ఇసుక వచ్చి కత్తి మీద పడుతోంది.

సత్యవతి ముక్కు చీదింది. తడిచేతులు పైటకి తుడుచుకుంది. కత్తి తీసుకుంది.

రాయికి అటూ ఇటూ మోకాళ్ళు వేసి కూర్చుంది. కుడిచేత్తో పిడి, ఎడంచేతి వేళ్ళు కత్తి పలక మీద. మొదటి రుద్దుకి కత్తి కిర్రుమంది. రెండోదీ అంతే. ఆ తర్వాత ఆగిపోయి, తన చేతుల్నే చూసుకుంది.

"అక్కా."

"ఏటే?"

"ఏళ్ళన్నీ కత్తి ఎనకాలే ఉంటన్నాయే. ముందు ఒక్కటీ లేదు."

"మరి?"

"మరేం లేదు," అని మళ్ళీ రుద్దింది.

చప్పుడు మారింది. కిర్రుమనడం పోయి, పట్టుచీర మడత పెడుతుంటే వచ్చే చప్పుడు. అయ్యాక కత్తి కడిగి, అంచుని గోటి మీద ఆనించింది. జారలేదు, పట్టుకుంది. ఆ కత్తి పెద్దావిడ కొంగు కింద దాక్కుని మగపిల్లల దగ్గరికి వెళ్ళింది. గొర్రె దగ్గర్నుంచి చప్పుడేమీ రాలేదు.

మాంసం వచ్చాక, కీళ్ళ దగ్గర నేను కోసి పెడతానని చెయ్యి చాపాను. సత్యవతి మోచేత్తో నన్ను నెట్టింది.

"అడ్డం రాకే. నువ్వెల్లి ఉల్లిపాయలు సూసుకో."

ఉల్లిపాయలు చూసుకున్నాను. కళ్ళు మండాయి, ఉల్లిపాయలే అనుకోండి. పక్కన అది తొడని కీలు దగ్గర విడదీస్తుంటే, ముక్క ముక్కా పనసతొనలా విడివడింది. మామా వచ్చింది. పళ్ళెంలో వేలు పెట్టి చూసింది. "జైన్," అని వెళ్ళిపోయింది. ఆవిడ మెప్పు ఎప్పుడూ అంతే పొడుగు.

ఎడారి నుంచి తిరిగొచ్చిన కొన్నాళ్ళకి మల్లేశం పెరట్లో కారు తుడుస్తూ చెప్పాడు.

"అక్కా, మామా టిక్కెట్టు తియ్యమన్నది."

"ఎన్నయ్యా?" అన్నాను.

"ఒక్కటే. నువ్వొక్కదానివే పోతున్నవు. సత్తెవ్వను ఇడిసిపెడితె అన్నం ఎవరు వండుతరంటుంది."

వంటింట్లోంచి చప్పుడు వినిపిస్తూనే ఉంది. నున్న వైపు రుద్దుతోంది.

గల్ఫుకి వెళ్ళే ఆడపిల్లలకి నేను చెప్పేది ఇంతే. కరెంటుది వద్దు, ప్లాస్టిక్‌ది వద్దు. రెండు మొహాల రాయి ఒకటి సంచిలో వేసుకోండి. ఇంట్లోనూ చెల్లుతుంది, ఇసుకలోనూ చెల్లుతుంది. ఏ పశువు ముందూ తియ్యకండి.

అయిపోయింది మరిదిగారూ. కింద నా పేరు నేనే గీస్తాను. దానికి ముందు ఒకసారి చదవండి. మొత్తం అక్కర్లేదు, కత్తి ఇసుక మీద పెట్టాను చూడండి, అక్కణ్ణుంచి. గొంతు పెంచి చదవండి, నెమ్మదిగా.